లక్నో చేతికుట్టు చికన్ కుర్తాను ఎలా ఎంచుకోవాలి? ఎలా కాపాడుకోవాలి?

వేసవి పెళ్ళిళ్ళకూ, రంజాన్ రోజుల్లో చార్మినార్ చుట్టుపక్కల బజార్లలోనూ మగవారు ఎక్కువగా అడిగే తెల్లని నూలు కుర్తాల్లో లక్నో చికన్, అంటే పల్చని బట్టపై సూదీదారంతో కుట్టే పూలపని ఉన్నది, ఒకటి. ఆ పేరుతో అమ్మేవాటిలో యంత్రంపై కుట్టినవీ కలిసి ఉంటాయి. యంత్రపు కుట్టును దాని ధరకు కొనడంలో తప్పు లేదు గాని, చేతిపని ధర పెట్టి దాన్ని కొంటే నష్టపోయేది కొనేవారే కాదు, లక్నో చుట్టుపక్కల పల్లెల్లో ఒక్కో కుర్తాపై వారాల తరబడి సూది పట్టే స్త్రీలు కూడా. ఈ పనికి 2008లో భౌగోళిక గుర్తింపు (ఆ ప్రాంతపు పనికే ఆ పేరు చెల్లేలా ఇచ్చే జీఐ గుర్తింపు) లభించింది. అయినా చీటీ మీద ఉన్న పేరును నమ్మి ఊరుకోకుండా కుట్టును స్వయంగా పరీక్షించడం మంచిది.

మొదట కుర్తాను తిరగవేసి లోపలి వైపు చూడండి. యంత్రం పై దారాన్నీ కింది దారాన్నీ కలిపి కుడుతుంది కాబట్టి లోపల ఆ కింది దారం (బాబిన్ దారం) ఒకే తీరుగా పరుచుకుని ఉంటుంది, కొన్నింటిలో కుట్టు కింద అంటించిన కాగితం వంటి పొర ముక్కలు కూడా మిగిలి ఉంటాయి. చేతికుట్టులో ఒకే దారం పైకీ కిందికీ నడుస్తుంది, దాని కొసలను అక్కడక్కడ కుట్టులోనే దాచిన జాడ కనబడుతుంది. చికన్‌లో బఖియా అనే నీడకుట్టయితే లోపలి వైపే అసలు పని ఉంటుంది: దారాలు అడ్డదిడ్డంగా ఒకదానినొకటి దాటుతూ రేకును నింపుతాయి, ఆ దట్టమే పల్చని బట్ట గుండా నీడలా పైకి కనబడుతుంది. ఈ పరీక్షకు ఒక అరుదైన మినహాయింపు ఉంది. 2024లో పద్మశ్రీ అందుకున్న లక్నో కళాకారిణి నసీమ్ బానో చేసే అనోఖీ చికన్‌లో సూది బట్ట పైభాగాన్ని మాత్రమే అందుకుంటుంది గనుక లోపలి వైపు కుట్టు కనిపించదు. అటువంటి పని మామూలు దుకాణాల్లో దొరికేది కాదు.

తరువాత పక్కపక్కన ఉన్న రెండు పూలను పోల్చి చూడండి. రెండూ కొలిచినట్టు ఒక్కలాగే ఉంటే అది యంత్రపు పని అనుకోవచ్చు. చేతిపనిలో రేకు వంపు, కుట్టు పొడవు కొంచెం మారుతూ ఉంటాయి. జొన్నగింజలా గుండ్రంగా ఉండే ఫందా, బియ్యపుగింజలా కోలగా ఉండే ముర్రీ అనే కుట్లు వేలికి ఉబ్బెత్తుగా తగలాలి. జాలీని, అంటే వలలా చిన్న చిల్లులతో కనిపించే పనిని, వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. చేతి జాలీలో బట్టను కత్తిరించరు, పోగులను లాగి తీసివేయరు. సూదితో పోగులను పక్కకు జరిపి, బిగువైన కుట్టుతో పట్టి ఉంచుతారు. నా దృష్టిలో కుర్తా విలువను తేల్చేది పూల సంఖ్య కాదు, ముర్రీ, జాలీల సన్నదనం. ఒళ్ళంతా వదులుగా తేప్చీ (సాదా పరుగు కుట్టు) కుట్టినదాని కంటే మెడపట్టీ మీదా ముంజేతుల దగ్గరా మాత్రమే సన్నని పని ఉన్న కుర్తా మేలైనది.

అక్కడక్కడ లేత నీలపు గీతలు కనిపిస్తే కంగారు పడవద్దు. కుట్టే ముందు చెక్క అచ్చుతో నీలి రంగులో నమూనాను బట్టపై అద్దుతారు, పని పూర్తయ్యాక ఉతికి ఆ రంగును పోగొడతారు. ఆ గీతలు మిగిలి ఉంటే ఉతుకు చాలలేదని అర్థం. వీలున్నవారు 1984లో మొదలైన సేవా లక్నో వంటి, కుట్టే స్త్రీలతో కలిసి పనిచేసే సంస్థల నుండి కొనాలని నా కోరిక.

బట్ట విషయంలో మల్‌మల్ అనే పల్చని నూలుబట్ట మన ఎండలకు హాయిగా ఉంటుంది గాని లోపల తెల్ల బనియను తప్పనిసరి. రోజువారీ వాడకానికి కాస్త దట్టంగా నేసిన కేంబ్రిక్ నూలుబట్ట ఎక్కువ కాలం మన్నుతుంది. కుట్టించని ముక్కను కొంటే దర్జీకి ఇచ్చే ముందు ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి ఆరవేయండి.

ఉతకడానికి చన్నీళ్ళు, గాఢత లేని ద్రవ సబ్బు చాలు. కుంకుడు రసం తెల్లబట్టపై ఛాయ మిగల్చవచ్చు కాబట్టి దాన్ని రంగు కుర్తాలకే ఉంచుకోండి. బండకేసి బాదడం, మెలిపెట్టి పిండడం జాలీని చీలుస్తాయి. తువాలులో చుట్టి నీటిని అద్ది, తిరగవేసి నీడలో ఆరవేయాలి. గంజి పెట్టదలిస్తే పలుచగా, వడకట్టి పెట్టండి, చిక్కని గంజి ముర్రీల మధ్య తెట్టెలు కడుతుంది. కొద్దిగా తడి ఉండగానే మందపాటి తువాలు మీద కుట్టును కిందికి పెట్టి లోపలి వైపు ఇస్త్రీ చేస్తే ఉబ్బెత్తు పని అణగిపోదు.

ఎక్కడైనా దారం పైకి లేస్తే కత్తిరించకండి. సన్న సూదితో దాన్ని లోపలి వైపుకు లాగి, పక్క కుట్టు కింద రెండుసార్లు దూర్చి బిగించండి. ఎక్కువ కాలం దాచేటప్పుడు గంజిని పూర్తిగా ఉతికి పోగొట్టి, పాత నూలు పంచెలో చుట్టి ఉంచండి, ఎందుకంటే గంజి బట్టకు పురుగు త్వరగా చేరుతుంది.