డీడీవో (ఆఫీసు పైసలు డ్రా చేసి బిల్లులు చెల్లించే అధికారి) సీట్ల కొత్తగా కూసున్నోళ్లు జీఎస్టీ టీడీఎస్ తప్పు చేయకుండా ఉండాలంటే

హన్మకొండలో గానీ జనగామలో గానీ ఆఫీసుల బిల్లులు చేసే తమ్ముళ్లు నన్ను ఎక్కువ అడిగేది ఇదే, అన్నా బిల్లు లక్షే ఉంది గదా 2 శాతం జీఎస్టీ టీడీఎస్ (కాంట్రాక్టర్‌కు పైసలిచ్చేటప్పుడే పట్టుకునే పన్ను) కట్ చేయాల్నా అని. చూడాల్సింది బిల్లు కాదు, కాంట్రాక్ట్ మొత్తం. జీఎస్టీ తీసేసి చూస్తే విలువ 2.5 లక్షలు దాటిందా, ఇగ ఎన్ని ముక్కలుగా బిల్లు పెట్టినా ప్రతి ముక్కలో కట్ చేయాల్సిందే. 2018 అక్టోబర్ 1 నుంచి ఇదే రూల్. లోకల్ కాంట్రాక్టర్ అయితే 1 శాతం సీజీఎస్టీ (కేంద్రం వాటా), 1 శాతం ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా).

కట్ చేసి ఊకుంటే కాదు, వచ్చే నెల 10లోపు ఆ పైసలు సర్కారుకు కట్టి జీఎస్టీఆర్-7 (ఈ టీడీఎస్ లెక్క చూపే రిటర్న్) ఫైల్ చేయాలె, కట్టుడు లేటయితే ఏడాదికి 18 శాతం వడ్డీ, అది ఆఫీసు పద్దులో కాదు మన మెడకే చుట్టుకునేటట్టుంటది. ఫైల్ చేస్తేనే కాంట్రాక్టర్‌కు ఆ పైసలు తన క్యాష్ లెడ్జర్ల (జీఎస్టీ పోర్టల్ల ఉండే పైసల ఖాతా) కనిపిస్తయి, లేకపోతే రోజూ ఫోన్లే ఫోన్లు. నేను ఫోన్ల అలారం 5వ తారీఖుకు పెట్టుకున్న, 10కి పెడితే ఆ రోజు సర్వర్ మన మాట వినదు.

నేర్చుకోవాలంటే ఐగాట్ కర్మయోగి (సర్కారు ఉద్యోగుల ఆన్‌లైన్ ట్రైనింగ్ పోర్టల్)లో కోర్సులు చూడండ్రి, అకౌంట్స్ టెస్ట్ (ఉద్యోగులకుండే డిపార్ట్‌మెంట్ పరీక్ష) రాయనోళ్లు టీజీపీఎస్సీ నోటిఫికేషన్ మీద ఓ కన్నేసి ఉంచండ్రి. జీవోలు మాత్రం వాట్సాప్‌ల వచ్చిన పీడీఎఫ్ నమ్మకండ్రి, సర్కారు సైట్ల నంబరు, తారీఖు కొట్టి చూసినంకనే ఫైల్ల పెట్టండ్రి.