బ్రేక్ రోటర్లు లేత్ పట్టించాలా, కొత్తవి వేయించాలా? డల్లాస్ వైపు కొత్తగా వచ్చినవాళ్లకి

ఇర్వింగ్‌లోనో ఫ్రిస్కోలోనో దిగి, లైసెన్స్ చేతికొచ్చాక మనవాళ్లలో చాలామంది చేసే పని ఒకటే: పాత క్యామ్రీయో, కరోలాయో, సివిక్కో కొనడం. మూడు నెలలు పోయాక ఆయిల్ మార్పించడానికి వెళ్తే, కౌంటర్ దగ్గరి మనిషి కాగితం పట్టుకొచ్చి "మీ రోటర్లు అయిపోయాయి, నాలుగూ మార్చాలి" అంటాడు. వచ్చిన మొదటి ఏడాది నాకూ అదే జరిగింది. టెన్షన్‌తో మారుమాట్లాడకుండా 900 డాలర్లు కట్టేశాను. తర్వాత పాతవి ఏవి అని అడిగితే పారేశామన్నారు. వెనక చక్రాలవి నిజంగా అరిగాయో లేదో ఇప్పటికీ తెలియదు.

మనం ఇంటి దగ్గర డిస్కులు అనేవాటినే ఇక్కడ రోటర్లు అంటారు. లేత్ మీద పెట్టి గీయించడం టర్నింగ్, లేదా రీసర్ఫేసింగ్.

విజయవాడ ఆటోనగర్ లెక్క ఇక్కడ పనికిరాదు. అక్కడ కూలి తక్కువ, సామాను ఖరీదు. కాబట్టి డిస్కులో కాస్త ప్రాణం ఉందంటే లేత్ పట్టించేస్తాం. ఇక్కడ అంతా తలకిందులు. మెకానిక్ పని గంటకి 100 డాలర్లు దాటుతుంది. క్యామ్రీ ముందు చక్రం రోటర్ పార్ట్స్ షాపులో సుమారు 50 నుంచి 80 డాలర్లకి దొరుకుతుంది. విప్పడం, బిగించడం ఎలాగూ తప్పదు, దాని మీద లేత్ పని కూలి కూడా కలిస్తే కొత్త రోటర్ ధరకి దగ్గరపడుతుంది. అందుకని కొత్తవి వేద్దాం అన్నంత మాత్రాన మోసం అనుకోకండి. మోసం ఉంటే అది అసలు ఆ పని ఇప్పుడు అవసరమా అన్న దగ్గర ఉంటుంది.

అది తేల్చేది మందం. దాదాపు ప్రతి రోటర్ మీద, మధ్యలో టోపీలా ఉండే భాగం మీదో అంచు మీదో, "మిన్ టీహెచ్" లాంటి అక్షరాల పక్కన కనీస మందం మిల్లీమీటర్లలో ఉంటుంది. కొత్తప్పుడు 28 ఉండే రోటర్ మీద 26 అనో 25 అనో కనిపిస్తుంది. అంటే అరగడానికి ఉన్నది రెండు మూడు మిల్లీమీటర్లే! కొలిచేది మైక్రోమీటర్‌తో, అంటే ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో మనం కుస్తీ పట్టిన స్క్రూగేజీయే. వెర్నియర్‌తో కొలిస్తే దాని దవడలు అంచున కట్టిన తుప్పు గట్టు మీద ఆగిపోయి, ఉన్నదానికంటే మందం ఎక్కువ చూపిస్తాయి. షాపులో మీరు అడగాల్సినవి రెండే: ఇప్పుడు ఎన్ని మిల్లీమీటర్లు ఉంది? రోటర్ మీద ఎంత రాసి ఉంది? కొలవకుండానే అరిగిపోయిందన్న షాపు నుంచి నేనైతే బండి తీసుకుని వచ్చేస్తాను. పాత సామాను నాకే ఇవ్వాలని పని మొదలుపెట్టకముందే చెప్పండి.

మందం ఆ అంకెకి దిగినా, దగ్గరపడినా మార్చేయడమే. పగులు కనిపించినా, తుప్పు గుంటలు లోతుగా పడినా అంతే. లేత్ మీద ఒక్కో పక్క మిల్లీమీటర్‌లో కొన్ని పదో వంతులు పోతాయి, గీసిన తర్వాత కూడా మందం ఆ అంకెకి పైనే ఉండాలి. పల్చబడ్డ రోటర్ తొందరగా వేడెక్కుతుంది కూడా.

మరి టర్నింగ్ ఎప్పుడు? రోటర్ దాదాపు కొత్తదై ఉండి బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతున్నప్పుడు. లేదా పెద్ద ట్రక్కుకో, ఖరీదైన బండికో రోటర్ ధర బాగా ఎక్కువైనప్పుడు. విప్పడం మీకే వస్తే ఓ'రైలీ లాంటి పార్ట్స్ షాపుల్లో కొన్ని బ్రాంచీలు రోటర్ తీసుకెళ్తే గీసి ఇస్తాయి. ముందు ఫోన్ చేసి కనుక్కోండి, అన్నిచోట్లా మెషీన్ ఉండదు.

ఆ వణుకు గురించి ఒక మాట. "వార్ప్ అయింది" అంటారు గానీ చాలాసార్లు రోటర్ వంగదు. చుట్టూ మందం ఒకేలా లేకపోతే, ఆ తేడా మిల్లీమీటర్‌లో వందో వంతులే అయినా కాలికి తెలుస్తుంది. హబ్‌కీ (రోటర్, చక్రం బిగించే మధ్య భాగం) రోటర్‌కీ మధ్య తుప్పు ఉండటం, చక్రం నట్లు ఎయిర్ గన్‌తో ఇష్టమొచ్చినట్టు బిగించడం ఆ తేడాకి మామూలు కారణాలు. హబ్ శుభ్రం చేయకుండా కొత్త రోటర్ వేస్తే కొన్నాళ్లకి మళ్లీ వణుకు మొదలు. నట్లు టార్క్ రెంచ్‌తో, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానాతో, బిగించమనండి. క్యామ్రీ, కరోలాలకి 76 ఫుట్ పౌండ్లు, సివిక్, అకార్డ్‌లకి 80.

టెక్సాస్‌లో 2025 జనవరి 1 నుంచి మామూలు కార్లకి ఏటా చేసే సేఫ్టీ తనిఖీ ఎత్తేశారు. డల్లాస్, కాలిన్, డెంటన్, టారెంట్ కౌంటీల్లో పొగ పరీక్ష ఇంకా ఉంది గానీ అందులో బ్రేకులు చూడరు. ఏడాదికోసారి మీరే చూపించుకోవాలి. బండి కొనేముందు దాని చరిత్ర రిపోర్టులో ఒహాయో, మిషిగన్ లాంటి పేర్లు ఉంటే రోటర్లు ఇంకాస్త జాగ్రత్తగా చూడండి. చలికాలం అక్కడ రోడ్ల మీద చల్లే ఉప్పు వాటిని తినేస్తుంది. వాన పడ్డ మర్నాడు కనిపించే పల్చటి ఎర్ర తుప్పు మాత్రం నాలుగు బ్రేకులకి పోతుంది, భయం లేదు. టెస్లాలకీ హైబ్రిడ్‌లకీ వేరే గొడవ: మోటారే బండిని ఆపుతుంటుంది కాబట్టి రోటర్లు పెద్దగా అరగవు, వాడకపోవడం వల్ల తుప్పు పడతాయి.

మారిస్తే కుడి ఎడమ రెండూ కలిపే మార్చాలి, ప్యాడ్లు కూడా కొత్తవే. ఇంటి దగ్గర మీరే చేసుకునేటట్టయితే, ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్ ఉన్న బండి వెనక చక్రాల జోలికి సర్వీస్ మోడ్ (బ్రేక్ మోటారుని వెనక్కి లాగి ఉంచే సెట్టింగ్) పెట్టకుండా వెళ్లొద్దు. కొత్త రోటర్ మీద తుప్పు పట్టకుండా పూసిన నూనె బ్రేక్ క్లీనర్‌తో తుడిచేయాలి. తర్వాత ఖాళీ రోడ్డు మీద 30 మైళ్ల వేగం నుంచి 5కి, పూర్తిగా ఆపకుండా, ఏడెనిమిది సార్లు తగ్గించండి, మధ్యలో కాస్త చల్లారనిస్తూ. వేడి మీద ఉండగా పెడల్ తొక్కిపట్టి నిలబడితే ప్యాడ్ మచ్చ రోటర్‌కి అంటుకుంటుంది, కొత్త రోటర్‌కి వణుకు మొదలయ్యేది అక్కడే.