మీ జిల్లా ఆసుపత్రిలో మత్తు మాన్పించే వైద్యం సరిగా అందాలంటే: ఎవరిని, ఏమడగాలి

తాగుడు, గంజాయి, మానసిక రోగాల మీద కలెక్టర్‌కు అర్జీ రాసేవాళ్లు సాధారణంగా అడిగేవి రెండు: అవగాహన సదస్సులు పెట్టమని, కొత్త ఆసుపత్రి కట్టమని. మొదటిది మాదకద్రవ్యాల వ్యతిరేక దినమైన జూన్ 26న ఓ ర్యాలీ, నాలుగు ఫ్లెక్సీలతో సరి. రెండోది ఫైల్లోనే పడి ఉంటుంది. అంతకన్నా, చట్టం ఇప్పటికే ఇస్తానన్నది మీ జిల్లాలో ఎక్కడ ఆగిపోయిందో పట్టుకుని అదొక్కటే అడిగితే పని జరుగుతుంది.

ఆ చట్టం మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017. 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా ఇందులో మానసిక అనారోగ్యమే. కాబట్టి "తాగుబోతులను ఇక్కడ చేర్చుకోం" అని ప్రభుత్వ ఆసుపత్రి అనడానికి లేదు. మీకు ఎక్కువగా పనికొచ్చేది సెక్షన్ 18. అత్యావశ్యక మందుల జాబితాలోని మానసిక వైద్యం మందులు సామాజిక ఆరోగ్య కేంద్రం (సీహెచ్‌సీ) స్థాయి నుంచి పైదాకా అన్ని ప్రభుత్వ ఆసుపత్రుల్లో, అన్నివేళలా ఉచితంగా దొరకాలని అది చెబుతుంది. జిల్లాలో కనీస సేవలు ప్రభుత్వం తరఫున లేకపోతే, అదే జిల్లాలో వేరేచోట చేయించుకున్న వైద్యం ఖర్చు కూడా ప్రభుత్వానిదే. ఇక సెక్షన్ 31 ప్రకారం, జనాభాకు తగినంతమంది మానసిక వైద్య నిపుణులు ఉండేలా పదేళ్లలో అంతర్జాతీయ ప్రమాణాలను అందుకునే ప్రయత్నం ప్రభుత్వం చేయాలి. ఆ పదేళ్లు 2028 మేలో నిండుతాయి. సిబ్బంది ఖాళీల మీద రాసే ప్రతి అర్జీలో ఈ తేదీ వేయండి.

ముందు కాగితాలు

సమాచార హక్కు దరఖాస్తుతో మొదలుపెట్టండి. జిల్లా స్థాయి కార్యాలయానికి ఫీజు 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఉచితం. జవాబుకు గడువు 30 రోజులు. "మందులు ఎందుకు లేవు?" అని అడగకండి. కారణాలు వివరించడం మా పని కాదని పౌర సమాచార అధికారి తిప్పి పంపేస్తారు. రికార్డు అడగండి:

- జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో మంజూరైన పోస్టులు, భర్తీ అయినవి, ఖాళీ అయిన తేదీలు
- గత 12 నెలల్లో ఒక్కో సీహెచ్‌సీలో డయాజెపామ్, లోరాజెపామ్, థయామిన్ (విటమిన్ బి1), నాల్ట్రెక్సోన్, రిస్పెరిడోన్, ఎస్సిటలోప్రామ్, లిథియం స్టాక్ రిజిస్టర్ నకళ్లు
- మానసిక వైద్యుడి ఓపీ ఏ ఊళ్లో, వారంలో ఏ రోజు, ఎన్ని గంటలు. నెలవారీగా కొత్త రోగులు ఎందరు, రెండోసారి వచ్చినవారు ఎందరు
- కార్యక్రమానికి విడుదలైన నిధులు, ఖర్చు, మిగులు

స్టాక్ రిజిస్టర్ నకలే అసలు ఆయుధం. ఏ మందు ఎన్నాళ్లు సున్నా చూపించిందో అందులో తెలిసిపోతుంది. రోగుల పేర్లు మాత్రం అడగొద్దు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 23 గోప్యత హక్కు ఇచ్చింది, పైగా ఆ ఒక్క ప్రశ్న చూపించి మొత్తం దరఖాస్తు తిరస్కరించే వీలుంది. జవాబు రాకపోతే 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి.

ఎక్కువమంది చిక్కుకునేది చిరునామాలో. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు (పీహెచ్‌సీలు) జిల్లా వైద్య ఆరోగ్య అధికారి (డీఎంహెచ్‌ఓ) కింద ఉంటాయి, సీహెచ్‌సీలు, ఏరియా ఆసుపత్రులు వేరే విభాగం కింద. వైద్య కళాశాలకు అనుబంధమైన జిల్లా ఆసుపత్రి వైద్య విద్య డైరెక్టర్ (డీఎంఈ) కింద ఉంటుంది. ఒకే కాగితం ముగ్గురికీ పంపితే "మా పరిధి కాదు" అని ముగ్గురూ రాస్తారు. విడివిడిగా అడగండి. ఏది ఎవరిదో తేలకపోతే సమాచార హక్కు చట్టం సెక్షన్ 6(3) ప్రకారం సరైన కార్యాలయానికి బదిలీ చేయమని దరఖాస్తులోనే ఒక వాక్యం రాయండి.

కట్టడి కన్నా ముందు వైద్యం

2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద గట్టిగా దాడులు జరిగాయి. ఆ కల్లులో కలిపేది అల్ప్రాజోలం, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు. ఏళ్ల తరబడి తాగినవాళ్లకు అది ఒక్కసారిగా ఆగిపోయేసరికి ఫిట్స్, భ్రమలు, పిచ్చి ప్రేలాపనలతో నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఆసుపత్రులు నిండిపోయాయి. 2020 లాక్‌డౌన్‌లో మద్యం షాపులు మూసినప్పుడు హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలోనూ అదే రద్దీ. అల్ప్రాజోలం అలవాటైన శరీరానికి దాన్ని వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాలి. మద్యం మానిన 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ వచ్చే ప్రమాదముంటే, 2 నుంచి 4 రోజుల్లో డెలిరియం (మతి చెదిరిపోయే స్థితి) రావచ్చు. థయామిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. నైట్ డ్యూటీ డాక్టర్‌కు ఈ మూడూ తెలిస్తే చాలామంది బతుకుతారు.

అందుకే అర్జీలో ఇది విడిగా రాయండి: ఎక్సైజ్ శాఖ పెద్ద దాడులకు దిగేముందు, దాడి రహస్యం బయటపడకుండా, ఆ ప్రాంతం డీఎంహెచ్‌ఓకు సమాచారం ఇచ్చే రాతపూర్వక పద్ధతి, ఆ ప్రాంత సీహెచ్‌సీల్లో డయాజెపామ్, థయామిన్ అదనపు స్టాక్, విత్‌డ్రాయల్ (మత్తు ఆపడంతో వచ్చే ఇబ్బందుల) కేసును ఎప్పుడు జిల్లా ఆసుపత్రికి పంపాలో ఒక పేజీ సూచన. వీటికి కొత్త జీవో అక్కర్లేదు. కలెక్టర్ సమన్వయ సమావేశం మినిట్స్‌లో ఎక్కితే చాలు, దాన్ని పట్టుకుని తర్వాత నిలదీయవచ్చు.

ప్రైవేటు డీ-అడిక్షన్ కేంద్రాలు

రిజిస్ట్రేషన్ లేకుండా మానసిక వైద్య కేంద్రం నడపడం నేరం. 2017 చట్టం సెక్షన్ 107 కింద జరిమానా మొదటిసారి 5 వేల నుంచి 50 వేలు, మూడోసారి నుంచి 2 నుంచి 5 లక్షలు. గొలుసులతో కట్టేయడం ఏ రూపంలోనైనా సెక్షన్ 95 కింద నిషిద్ధం. సెక్షన్ 68 ప్రకారం ఎవరైనా రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీకి ఫిర్యాదు చేసి తనిఖీ కోరవచ్చు. బలవంతంగా ఉంచారన్న ఫిర్యాదు మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకు వెళ్లాలి, దానికి ఫీజు లేదు. బోర్డులో జిల్లా జడ్జి స్థాయి చైర్‌పర్సన్, కలెక్టర్ ప్రతినిధి, మానసిక వైద్యుడు, మరో వైద్యుడితోపాటు రోగులు, సంరక్షకులు లేదా వారి సంస్థల తరఫున ఇద్దరు ఉంటారు. ఆ ఇద్దరి కుర్చీలు ఖాళీగా ఉంటే భర్తీ చేయమని అడగండి. మీవాళ్లు కూర్చోగలిగే చోటు అదే.

అర్జీ, ఆ తర్వాత

ఒక్క పేజీ, మూడు కోరికలు, ఒక్కోదానికి ఒక సెక్షన్ నంబరు, ఒక ఆధారం, ఒక తేదీ. సోమవారం తెలంగాణలో ప్రజావాణిలో, ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. నిధులు కావాల్సిన కోరికైతే రాష్ట్ర బడ్జెట్‌కు కొన్ని నెలల ముందే, జిల్లా ప్రతిపాదనలు తయారయ్యే సమయంలో ఇవ్వాలి. ఫిబ్రవరిలో ఇస్తే ఆ బడ్జెట్ దాటిపోయి మరుసటి ఏటికే. ఇది చాలా సంఘాలు పట్టించుకోని సంగతి.

"చర్యలు తీసుకున్నాం" అన్న జవాబు వస్తే ఆ నెల శిబిరాల ఫొటోలే చూపిస్తారు. శిబిరాల లెక్క వద్దు. తొలిసారి వచ్చినవారిలో 90 రోజుల తర్వాత కూడా మందులు తీసుకుంటున్నవారు ఎందరో అడగండి. ఆరు నెలలకు అవే నాలుగు ప్రశ్నలతో మళ్లీ దరఖాస్తు పెట్టి, రెండు స్టాక్ రిజిస్టర్లను పక్కపక్కన పెట్టి చూడండి. ఈలోగా సాయం కావాల్సిన కుటుంబాలకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ 14416, మాదకద్రవ్యాల హెల్ప్‌లైన్ 14446 నంబర్లు ఇవ్వండి.