స్లోగా నడిపితే ఆగిపోయే ఆవిరి ఇంజన్ మోడల్: నా అనుభవం

పట్టాల నుంచి కరెంటు తీసుకుని నడిచే మా హెచ్‌ఓ స్కేల్ (1:87, అంటే అసలు రైలులో 87వ వంతు సైజు) ఆవిరి ఇంజన్ మోడల్ స్పీడులో బాగానే పోయేది, స్లో చేస్తే చాలు మొరాయించేది. వేలితో తోస్తే మళ్లీ కదిలేది. అంటే మోటారుది తప్పు కాదు, కరెంటు సరిగ్గా అందట్లేదు.

తిరగేసి చూస్తే చక్రాలకు నల్లటి జిడ్డు. కరెంటు తీసుకునే సన్నటి రాగి రేకు ఒకటి చక్రానికి వెంట్రుకవాసి దూరంలో ఆగిపోయింది. దాన్ని ట్వీజర్‌తో కాస్త వంచాను. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బట్ట తడిపి పట్టాల మీద పరిచాను. సగం చక్రాలు బట్ట మీద, మిగతావి పట్టాల మీద పెట్టి కరెంటిస్తే జిడ్డంతా చారలుగా దిగింది. గరుకు కాగితం మాత్రం వద్దు, ఆ గీతల్లోనే మురికి మళ్లీ చేరుతుంది.

ఇరుసులకు నూనె సూదిమొనంత చాలు. ఎక్కువైతే హైదరాబాద్ దుమ్మంతా అక్కడే!