రైఫిల్ హ్యాండ్‌గార్డ్, ఫ్రంట్ సైట్ మార్చడం ఎలా? మొదటిసారి చేసేవాళ్ల కోసం

ఇక్కడ చెప్పేదంతా ఏఆర్-15 తరహా రైఫిల్ గురించే. అందులోనూ హ్యాండ్‌గార్డ్ (బ్యారెల్ చుట్టూ ఉండే, చేత్తో పట్టుకునే తొడుగు) రెండు చెక్కలుగా, అంటే రెండు సగాలుగా ఉండి, ముందు త్రికోణంలా ఫ్రంట్ సైట్ (గురి చూసే ముందు భాగం) నిలబడి ఉండే పాత పద్ధతి రైఫిల్. నేను పెట్టుకున్న హద్దు ఒకటే: చేత్తో ఊడేది మనం మార్చుకుందాం, సుత్తి పట్టాల్సింది గన్‌స్మిత్‌కి, అంటే తుపాకులు బాగుచేసే నిపుణుడికి ఇచ్చేద్దాం.

ముందు మీ లైసెన్సు, మీరుండే చోటి చట్టం ఈ మార్పులకు ఒప్పుకుంటాయో లేదో చూసుకోండి. తర్వాత మ్యాగజైన్ తీసి, బోల్ట్ (చాంబర్‌ని మూసే భాగం) వెనక్కి లాగి ఆపి, చాంబర్‌లోకి, అంటే తూటా కూర్చునే చోట్లోకి తొంగి చూడండి, చిటికెన వేలు పెట్టి తడిమి కూడా చూడండి. తూటాలు పక్క గదిలో పెట్టేయండి. బోల్ట్‌ని ముందుకు వదిలి, రెండు పిన్నులు నొక్కి పైభాగాన్ని కిందిభాగం నుంచి విడదీస్తే ఇంకా నిశ్చింత. కళ్లకు రక్షణగా కళ్లద్దాలు తప్పనిసరి, ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

కొత్త హ్యాండ్‌గార్డ్ కొనేముందు పాతదాన్ని కొలవండి. కార్బైన్ సైజు సుమారు 7 అంగుళాలు, మిడ్ లెంగ్త్ 9, రైఫిల్ సైజు 12. సైజు తప్పితే ఎంత తిప్పలు పడ్డా కూర్చోదు.

హ్యాండ్‌గార్డ్ వెనక చివర, రిసీవర్‌కి (బోల్ట్ ఉండే లోహపు భాగం) ఆనుకుని ఉండే స్ప్రింగ్ బిగువు రింగే డెల్టా రింగ్. దాన్ని రిసీవర్ వైపు గట్టిగా లాగి పట్టుకుంటే చెక్క వెనక చివర బయటికి వస్తుంది. చెప్పడానికి సులువే గానీ, కొత్త స్ప్రింగ్ అయితే చేతులు నొప్పెడతాయి. మొదటిసారి నేనొక్కణ్ణే లాగబోయి బొటనవేలి చర్మం రింగులో ఇరికించుకున్నాను. ఇంకో మనిషి ఉంటే ఒకరు రెండు చేతులతో రింగ్ లాగండి, మరొకరు చెక్కలు తీయండి. స్క్రూడ్రైవర్‌తో మాత్రం పెకిలించొద్దు, పక్కనే, కాల్చినప్పుడు వచ్చే గ్యాస్‌ని వెనక్కి తీసుకెళ్లే సన్నటి గ్యాస్ ట్యూబ్ ఉంటుంది.

కొత్తది పెట్టేటప్పుడు ముందు చివరని సైట్ వెనకున్న క్యాప్‌లోకి దూర్చండి, ఆ తర్వాత రింగ్ లాగి వెనక చివర దించండి. రెండు చెక్కలూ కూర్చున్నాక గ్యాస్ ట్యూబ్‌కి ఏదీ ఒరుసుకోవడం లేదని టార్చి వేసి చూడండి. స్క్రూలుండే రకమైతే తయారీదారు చెప్పిన బిగువుకే బిగించి, స్క్రూ తల మీంచి పక్కకు పెయింట్ పెన్‌తో ఒక గీత గీయండి. స్క్రూ వదులైతే గీత విరిగి కనిపిస్తుంది.

ఇక ఫ్రంట్ సైట్. మార్చాల్సింది మధ్యలో నిలబడే చిన్న పోస్టు మాత్రమే. పోస్టు పక్కన స్ప్రింగ్ మీద కూర్చున్న బుల్లి డిటెంట్ పిన్ (పోస్టు తనంతట తిరగకుండా ఆపేది) ఉంటుంది. సైట్ టూల్‌తో దాన్ని నొక్కి, పోస్టుని ఎడమవైపు తిప్పుతూ పోతే ఊడి వస్తుంది. పోస్టు వదిలిన క్షణాన ఆ పిన్ను, స్ప్రింగూ ఎగిరిపోతాయి. కళ్లద్దాలు ఇందుకే. సైట్ మొత్తాన్ని ఒక పారదర్శక కవర్‌లో పెట్టి తిప్పితే గదంతా వెతుక్కునే పని తప్పుతుంది. స్ప్రింగ్, దాని మీద పిన్ను పెట్టి, నొక్కి పట్టుకుని కొత్త పోస్టు తిప్పండి. పోస్టు అడుగున ఉండే గాట్ల చక్రం చుట్టూ ఉన్న లోహంతో సమానంగా వచ్చేదాకా దించి ఆపండి.

సైట్ దిమ్మని బ్యారెల్‌కి పట్టి ఉంచేవి రెండు టేపర్ పిన్నులు. ఒక కొస సన్నం, మరో కొస లావు. తప్పు వైపు నుంచి కొడితే ఇంకా బిగుసుకుంటాయి, పైగా గ్యాస్ వెళ్లే దారి ఆ దిమ్మలోంచే ఉంది. బ్యారెల్‌ని రిసీవర్‌కి బిగించే బ్యారెల్ నట్ విప్పాల్సిన ఫ్రీ ఫ్లోట్ హ్యాండ్‌గార్డ్‌కి (ముందు బ్యారెల్‌ని తాకని రకం) కూడా ఇదే మాట. వీటి జోలికి వెళ్లకండి.

అనుమతి ఉన్న రేంజ్‌లో 25 మీటర్ల దగ్గర, ఆన్చుకుని నిదానంగా మూడు కాల్చండి. ఆ మూడు తూటాల గుంపు గురి చూసిన చోటికన్నా కింద పడితే పోస్టుని కుడివైపు తిప్పి దించాలి. అవును, పోస్టు దిగితే తూటా పడే చోటు పైకి వెళ్తుంది, మొదట్లో అందరూ ఇక్కడే తికమకపడతారు. నాలుగు గాట్ల పోస్టు, 20 అంగుళాల బ్యారెల్ అయితే ఈ దూరంలో ఒక క్లిక్‌కి, అంటే ఒక గాటు తిప్పితే, సెంటీమీటరు లోపే కదులుతుంది, పొట్టి బ్యారెల్‌కి ఇంకాస్త ఎక్కువ. పక్కలకి పోతే సరిచేయాల్సింది వెనక సైట్‌లో. ఒక ఇరవై కాల్చి, బ్యారెల్ చల్లారాక, పెయింట్ గీతలు కలిసే ఉన్నాయో లేదో మళ్లీ చూడండి.