పెరట్లోకి కార్డినల్ పిట్ట రావాలంటే ఏం చేయాలి?

అమెరికాలో తూర్పు రాష్ట్రాల్లోనో టెక్సాస్‌లోనో ఉంటున్నారా? అయితే మీ చుట్టుపక్కల కార్డినల్ ఉండే ఉంటుంది. ఒహాయో, వర్జీనియా సహా 7 రాష్ట్రాలకు ఇదే రాష్ట్ర పక్షి. పడమటి వైపు సియాటెల్ వాళ్లకు మాత్రం ఈ పిట్టను చూసే అదృష్టం లేదు. ఇది వలస పోదు కాబట్టి చలికాలంలోనైనా మొదలుపెట్టొచ్చు.

ముందు గుర్తుపట్టడం నేర్చుకోండి. మగపిట్టతో ఇబ్బంది లేదు. ఒళ్లంతా ఎరుపు, తలపై కుచ్చు, ముక్కు చుట్టూ నల్లటి మాస్క్. చాలామంది గమనించకుండా వదిలేసేది ఆడపిట్టనే. దాని ఒళ్లు లేత గోధుమరంగు, రెక్కల్లో, తోకలో, కుచ్చులో కాస్త ఎరుపు. ముక్కు మాత్రం లావుగా, నారింజ కలిసిన ఎరుపులో ఉంటుంది. ఒళ్లు అలాగే ఉండి ముక్కు నల్లగా ఉంటే అది ఆ ఏడాది పుట్టిన పిల్ల.

తర్వాత తిండి. నల్ల పొద్దుతిరుగుడు గింజలు పెట్టండి, లేదా కుసుమలు. నా ఓటు కుసుమలకే, ఉడతలు వాటి జోలికి అంతగా రావు. పిట్ట గింజను ముక్కులో అటూ ఇటూ తిప్పి, పటుక్కున పొట్టు చీల్చి, పప్పు మింగి పొట్టు కింద పడేస్తుంది. ఇంత తతంగానికి కుదురుగా కూర్చునే చోటు కావాలి. అందుకే గింజలు పోసి పెట్టే ఫీడర్ సన్నటి గొట్టంలాంటిది వద్దు, పళ్లెంలాంటిది కొనండి.

ఫీడర్ కన్నా ముఖ్యం పొద. లాన్ నున్నగా గొరిగించి, ఒక్క పొదా లేకుండా చేసి, పిట్టలు రావట్లేదంటే ఎలా? ఇది దాక్కునేదీ గూడు కట్టేదీ దట్టమైన పొదల్లోనే. ఫీడర్‌ని వాటి దగ్గరే పెట్టండి. డాగ్‌వుడ్ చెట్టు నాటితే దాని పళ్లూ తింటుంది. ఈకల ఎరుపు కూడా తిండిలోని కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాల నుంచే వస్తుంది.

తెల్లవారుతుండగా, మళ్లీ చీకటి పడే ముందు చూడండి. పొదలోంచి లోహం మీద తట్టినట్టు ‘టిక్’ మని వినిపిస్తే అదే. వసంతంలో మగపిట్ట గింజ ఒలిచి ఆడపిట్ట నోటికి అందిస్తుంది. ఈ జాతిలో ఆడపిట్ట కూడా పాడుతుంది.

పట్టి పంజరంలో పెట్టాలనుకోకండి, 1918 నాటి వలస పక్షుల ఒప్పంద చట్టం ప్రకారం నేరం. వలస పోని పిట్టే అయినా ఆ చట్టం దీనికీ వర్తిస్తుంది.

గూళ్ల కాలంలో ఇది కిటికీలో తన నీడనే చూసి మరో పిట్ట అనుకుని పొడుస్తూ ఉంటుంది. చూసి టెన్షన్ పడకండి. అద్దానికి బయటివైపు కాగితం అంటించండి, కారు సైడ్ మిర్రర్‌కు ప్లాస్టిక్ సంచి తొడగండి. లోపల కర్టెన్ వేస్తే నీడ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది, ఉపయోగం ఉండదు.