బెంగళూరులో పాత స్టేషన్ వ్యాగన్‌కు ఆర్‌సీ రెన్యువల్: అసలు చిక్కు ఛాసిస్ నంబరు దగ్గరే

ఇండిగో మరీనా, బాలెనో ఆల్ట్యూరా, ఆక్టావియా కాంబి లాంటి స్టేషన్ వ్యాగన్లు (వెనక సామాను చోటు పొడుగ్గా ఉండే కార్లు) ఇప్పుడు కొత్తవి దొరకవు. ఇంజిన్ బాగున్నంతకాలం ఉన్నవాళ్లు వదులుకోరు, వదులుకోనక్కర్లేదు కూడా. "పదిహేనేళ్లు నిండాయి, ఇక తుక్కుకే" అని బ్రోకర్ అంటే కంగారు పడకండి. ఢిల్లీలో ఉన్న వయసు నిబంధన ఇక్కడ లేదు. సొంత కారును తనిఖీ చేసి, ఆర్‌సీని (రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌ను) ఐదేసి ఏళ్లు పొడిగిస్తారు.

గడువుకు 60 రోజుల ముందు నుంచి ప్రభుత్వ వాహన్ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. ఫారం 25, అసలు ఆర్‌సీ, ఇన్సూరెన్స్, ఎమిషన్ సర్టిఫికెట్, చిరునామా రుజువు కావాలి. ఫీజు 20 ఏళ్ల లోపు కారుకు 5,000 రూపాయలు, దాటితే 10,000. గ్రీన్ ట్యాక్స్ వేరు. ఆలస్యమైతే నెలకు 500 చొప్పున పెరుగుతుంది. సెకండ్‌హ్యాండ్ బండి అయితే ఓటీపీ పాత ఓనరు ఫోనుకు పోవచ్చు, ముందు ఆ నంబరు మార్పించుకోండి. లోను తీరినా ఆర్‌సీలో బ్యాంకు పేరు అలాగే ఉంటే ఫారం 35తో తీయించుకోండి. ఆంధ్రా, తెలంగాణ నంబరు బండిని ఇక్కడికి మార్చుకోవాలంటే అది వేరే దరఖాస్తు, దానికి పాత ఆర్టీఓ ఇచ్చే ఫారం 28 ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి.

ఇన్‌స్పెక్టర్ బండి రేకు మీద కొట్టి ఉన్న ఛాసిస్ నంబరును ఆర్‌సీతో ఒక్కొక్క అక్షరం పోల్చి చూస్తారు. చాలామంది వెనుదిరిగేది అక్కడే. చాలా కార్లలో ఆ నంబరు బానెట్ కింద ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ లోపలి సీట్లకూ మధ్య ఉండే రేకు) మీదో, ముందు సీటు దగ్గర కార్పెట్ కిందో ఉంటుంది. మన వీధుల్లో గుల్‌మొహర్ ఆకులు ముందు అద్దం కిందున్న నీటి దారిలో పేరుకుంటాయి. వాననీళ్లు నిలిచి, లోపలికి కారి, సరిగ్గా అంకెల మీదే తుప్పు పడుతుంది.

తనిఖీ స్లాట్‌కు రెండు వారాల ముందే ఆ నంబరు చూసుకోండి. తుప్పు వదిలించే నూనె రాసి ఒక రాత్రి నాననిచ్చి, పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్దండి. గ్రైండరు, ఎమరీ కాగితం దగ్గరికి రానివ్వొద్దు. అంకెలు అరిగితే నంబరు మార్చారన్న అనుమానం మీ మీదికే వస్తుంది. తర్వాత పల్చటి తెల్ల కాగితం పెట్టి, పెన్సిల్ పడుకోబెట్టి గీస్తే అంకెలు తేలతాయి. అలా రెండు మూడు ప్రింట్లు తీసి ఉంచుకోండి.

నంబరు 17 అక్షరాలదైతే అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిష్ అక్షరాలు ఉండవు. ఆర్‌సీలో ఓ కనిపిస్తే అది సున్నాకు బదులు పడిన టైపింగ్ తప్పు. పెన్సిల్ ప్రింటు, మొదటి ఇన్‌వాయిస్ జత చేసి ముందు సవరణ చేయించుకుని, ఆ తర్వాతే రెన్యువల్‌కు వెళ్లండి. ఇంజిన్ మార్చిన బండి అయితే కొత్త ఇంజిన్ నంబరు కూడా ఆర్‌సీలో ఎక్కి ఉండాలి.

అంకెలను తుప్పు పూర్తిగా తినేసి ఉంటే "మేమే కొట్టించేస్తాం" అనేవాళ్లు ఆర్టీఓ గేటు దగ్గరే తగులుతారు. దయచేసి ఒప్పుకోకండి. అనుమతి లేకుండా నంబరు కొట్టడం నేరం, కేసు పడేది ఓనరు మీద. ముందు ఆర్టీఓకు అర్జీ రాసిచ్చి, రాతపూర్వక అనుమతి వచ్చాకే కొట్టించాలి. ఆ కాగితం బండి ఉన్నంతకాలం దాచండి, అమ్మితే కొన్నవాళ్లకు ఇవ్వండి.

తనిఖీ అయ్యాక అంకెల మీద పల్చగా గ్రీజు పూసి, వానలు మొదలవక ముందే ఆ నీటి దారిలో ఆకులు తీసేయండి.